వంట సోడా పొంగు, స్లైమ్ సాగుడు: ఇంట్లో పిల్లలతో ఇలా చేయండి

పోయిన వేసవిలో మా అమ్మాయి స్లైమ్ (చేత్తో సాగదీసి ఆడుకునే జిగట ముద్ద) డబ్బా మూత పెట్టకుండా పక్కన పెట్టుకుని నిద్రపోయింది. తెల్లారేసరికి డబ్బా దొర్లి, స్లైమ్ మొత్తం దుప్పటి నేతలోకి దిగిపోయింది. సబ్బు పెట్టి రుద్దితే ఇంకా లోపలికి పోతోంది తప్ప వదలట్లేదు. వంటింట్లోంచి వెనిగర్ తెచ్చి ఆ మరక మీద పోసి పది నిమిషాలు వదిలేశాను. అంత సాగే పదార్థం పల్చటి పాలలా అయిపోయి, నీళ్లు పోస్తే జారిపోయింది. పక్కనే నిలబడి చూస్తున్న పిల్ల అడిగింది: "అమ్మా, నిన్న ఇదే వెనిగర్ సోడాలో పోస్తే పొంగింది కదా, మరి స్లైమ్‌ని ఎందుకు చంపేసింది?"

చాలా మంచి ప్రశ్న అది. ఆ సెలవులన్నీ దాని చుట్టూనే గడిచాయి. పక్క ఫ్లాట్ల పిల్లలు కూడా వచ్చి చేరారు. మేం చేసినవి, అందులో కుదిరినవి, కుదరనివి, ఎందుకు కుదరలేదో అర్థమైనవి ఇక్కడ రాస్తున్నాను. బజారులో వందలు పోసి కొనే సైన్స్ కిట్లలో చాలావాటిలో ఉండేది ఈ పదార్థాలే.

ముందు సరుకుల సంగతి. కిరాణా కొట్లో వంట సోడా, తెల్ల వెనిగర్, నిమ్మ ఉప్పు, కార్న్‌ఫ్లోర్ దొరుకుతాయి. స్టేషనరీ షాపులో తెల్ల ఫెవికాల్, మందుల షాపులో ఇసబ్‌గోల్, హైడ్రోజన్ పెరాక్సైడ్. స్లైమ్‌కి వెలిగారం (బోరాక్స్) కావాలంటే పూజా సామాగ్రి, మూలికలు అమ్మే పాత కొట్లలో అడగండి, కంసాలులు టంకం పెట్టేటప్పుడు వాడేది అదే. పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త, ఎందుకంటే ప్రయోగాలు ఎక్కువగా చెడిపోయేది అక్కడే. వంట సోడా వేరు, బేకింగ్ పౌడర్ వేరు. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి ఆమ్లం, పిండి ముందే కలిపి ఉంటాయి, అందుకే అది ఉత్త నీళ్లకే పొంగుతుంది. బట్టల సోడా ఇంకా వేరు, అది చర్మాన్ని మండిస్తుంది, పిల్లల చేతికి ఇవ్వొద్దు. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లగా, వేళ్ల మధ్య కిర్రుమనే పిండి. పసుపురంగు మొక్కజొన్న పిండి తెస్తే ఆట సాగదు. వెలిగారానికి బదులు పటిక ఇస్తారేమో చూసుకోండి, రెండూ తెల్లటి పలుకులే కానీ పటికతో స్లైమ్ కాదు.

ఇప్పుడు పొంగు. వంట సోడా అంటే సోడియం బైకార్బొనేట్. వెనిగర్‌లో ఉండే పులుపు ఎసిటిక్ యాసిడ్. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు, నీళ్లు, సోడియం అసిటేట్ అనే ఉప్పు వస్తాయి. గోళీ సోడాలో బుస్సుమనే గ్యాసే ఇక్కడా బుస్సుమంటుంది. ఇది ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఎంతకి ఎంత అన్నది మాత్రం ఎవరూ చెప్పరు, పిల్లలేమో సోడా గుప్పెళ్లతో పోసి, వెనిగర్ రెండు చెంచాలు వేసి, పొంగలేదని ముఖం ముడుచుకుంటారు. లెక్క ఇదీ: ఒక టీస్పూన్ సోడా సుమారు 5 గ్రాములు. అది పూర్తిగా ఖర్చవ్వాలంటే 4 శాతం వెనిగర్ దాదాపు 90 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసు నిండా కావాలి. అలా పోస్తే ఆ ఒక్క చెంచా సోడా నుంచి లీటరుకు పైనే గ్యాస్ వస్తుంది. ఆ తర్వాత సోడా ఎంత పోసినా అడుగున కూర్చుంటుంది తప్ప పొంగు పెరగదు, ఎందుకంటే దాన్ని కరిగించి గ్యాస్‌గా మార్చాల్సిన పులుపు అయిపోయింది. ఈ మాట పిల్లలకి చెప్పకండి. నాలుగు గ్లాసుల్లో ఒకే కొలత సోడా వేసి, వెనిగర్ మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కోలా పోయించండి, వాళ్లే పట్టుకుంటారు.

నురగ బాగా ఎత్తుగా రావాలంటే వెనిగర్‌లో ముందుగా గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా కలపండి. గ్యాస్ ఊరికే గాల్లోకి పోకుండా సబ్బు పొరల్లో చిక్కుకుంటుంది. మట్టితో కట్టిన అగ్నిపర్వతం నుంచి లావా మెల్లగా దిగినట్టు కనపడేది దానివల్లే. ఎర్ర రంగు కోసం కుంకుమ వేయొద్దు, చాలా కుంకాల్లో పసుపు ఉంటుంది, అది సోడా తగలగానే ఎర్రబడి, వెనిగర్ తగలగానే మళ్లీ పసుపుగా మారి గందరగోళం చేస్తుంది. అయితే ఆ గందరగోళమే విడిగా ఒక మంచి ప్రయోగం. చిటికెడు పసుపు కలిపిన నీళ్లలో సోడా వేసి చూడండి, పారాణి రంగు వస్తుంది. వెనిగర్ చుక్కలు వేయండి, మళ్లీ పసుపుగా మారుతుంది.

పొంగుతున్నప్పుడు గ్లాసుని పిల్లల చేత్తో పట్టించండి. చల్లబడుతుంది. మా పక్కింటి బాబు చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి "ఆంటీ, ఫ్రిజ్‌లో పెట్టారా?" అన్నాడు. ఈ చర్య జరగడానికి వేడి కావాలి, ఆ వేడిని నీళ్ల నుంచే, గ్లాసు నుంచే లాక్కుంటుంది. రసాయన చర్య అంటే మంట, వేడి అనుకునే పిల్లలకి ఈ చల్లదనం గట్టిగా గుర్తుండిపోతుంది.

ఇంకొకటి తప్పకుండా చేయండి. పొడుగాటి జగ్గులో సోడా, వెనిగర్ కలిపి నురగ అణగనివ్వండి. చిన్న కొవ్వొత్తి వెలిగించి, ఫ్యాన్ ఆపేసి, జగ్గులో ద్రవం ఒలకకుండా మంట మీదికి వంచండి. ఏమీ పోస్తున్నట్టు కనపడదు, కొవ్వొత్తి ఆరిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, అందుకే నీళ్లలా కిందికి జారుతుంది. ఫ్యాన్ ఆపడం మర్చిపోతే గ్యాస్ చెదిరిపోయి ఎన్నిసార్లు వంచినా ఆరదు, మా ఇంట్లో మొదటి మూడుసార్లు అదే జరిగింది.

ఒక్క హెచ్చరిక. ఈ మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగించొద్దు. లీటరు గ్యాస్‌కి చోటు లేకపోతే సీసా పేలుతుంది. బెలూన్ తొడగండి, అది ఉబ్బుతుంది, పిల్లలకి సరదా కూడా. అలాగే వెనిగర్‌ని బ్లీచింగ్ పౌడర్‌తో గానీ, బాత్‌రూమ్ క్లీనర్లతో గానీ ఎప్పుడూ కలపనివ్వకండి, బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ అనే విష వాయువు వస్తుంది. ఒకసారి పొంగించడం రుచి మరిగిన పిల్లలు ఇంట్లో ఉన్న సీసాలన్నీ కలిపి చూద్దామంటారు, కాబట్టి ఈ మాట మొదటిరోజే చెప్పాలి.

వెనిగర్ వాసన పడని పిల్లలకి నిమ్మ ఉప్పు మంచిది. అది సిట్రిక్ యాసిడ్, పొడి రూపంలో ఉంటుంది. పొడి సోడా, పొడి నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు చూసినా ఏమీ కాదు. ఒక్క నీటి చుక్క వేయండి, అక్కడ మాత్రమే బుస్సుమంటుంది. నీళ్లలో కరిగితేగానీ రెండూ ఒకదాన్నొకటి అందుకోలేవు. కడుపుబ్బరానికి తాగే ఈనో పనిచేసేదీ ఇలాగే, దాన్ని గాలి తగలని ప్యాకెట్లో పెట్టేదీ ఇందుకే. దీంతో పొంగే ఉండలు చేయొచ్చు: నాలుగు చెంచాల సోడా, రెండు చెంచాల నిమ్మ ఉప్పు, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి, కొబ్బరినూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ పిడికిట్లో నొక్కితే ముద్ద నిలిచేదాకా కలపండి. గుంతపొంగనాల పెనంలో పల్చటి ప్లాస్టిక్ కవర్ పరిచి, ఆ ముద్దని గుంతల్లోకి గట్టిగా అదిమి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున బకెట్ నీళ్లలో వేస్తే ఉండ తిరుగుతూ కరిగిపోతుంది. నూనె బదులు నీళ్లు వాడితే చేస్తుండగానే పొంగిపోయి ఉండ ఉబ్బి పగులుతుంది. కోస్తాలో వానాకాలం చేసినా అంతే, గాల్లో తేమకే మెత్తబడతాయి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. చేసిన చేతులతో కళ్లు నలుపుకుంటే భగ్గుమంటాయి, ముందు చేతులు కడిగించండి.

పొంగులో ఇంకో రకం ఉంది, అది కార్బన్ డయాక్సైడ్ కాదు, ఆక్సిజన్. మందుల షాపులో అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధారణంగా 6 శాతం ఉంటుంది, సీసా మీద 20 వాల్యూమ్స్ అని కూడా రాస్తారు. ఒక మిల్లీలీటరు ద్రవం నుంచి 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని దానర్థం. గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోసి పచ్చి బంగాళదుంప ముక్కలు నాలుగు వేయండి. దుంపలో ఉండే కెటలేజ్ అనే ఎంజైమ్ (రసాయన చర్యల్ని వేగం చేసే ప్రోటీన్) పెరాక్సైడ్‌ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ముక్కల చుట్టూ తెల్లటి నురగ లేస్తుంది. వెలిగి మంట ఆర్పిన అగరుబత్తి నిప్పు కొసని నురగకి కాస్త పైన పెడితే ఎర్రగా మెరుస్తుంది, ఒక్కోసారి మంటే లేస్తుంది. అదే అగరుబత్తిని ఇందాకటి సోడా జగ్గులో పెడితే ఆరిపోతుంది. ఆ జగ్గునీ ఈ గ్లాసునీ పక్కపక్కన పెట్టి, అగరుబత్తిని దీంట్లోంచి దాంట్లోకి మార్చి చూపిస్తే రెండు వాయువులకీ తేడా జన్మలో మర్చిపోరు. ఇది పెద్దవాళ్ల చేతుల మీదుగానే జరగాలి, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. వీడియోల్లో పైకప్పు దాకా ఎగిసే నురగ చూపిస్తారు, అందులో వాడేది 30 శాతం పెరాక్సైడ్, అది ఒంటి మీద పడితే కాలుతుంది. ఇంట్లోకి తేవొద్దు.

ఇక సాగేవి, జిగురుగా ఉండేవి. చిన్నపిల్లలతో అయితే కార్న్‌ఫ్లోర్‌తో మొదలుపెట్టండి. రెండు కప్పుల పిండికి ఒక కప్పు నీళ్లు, కొంచెం అటూ ఇటూ. చేత్తోనే కలపాలి. గట్టిగా గుద్దితే రాయిలా ఉంటుంది, వేలు మెల్లగా దించితే పాలలా దిగిపోతుంది. పిండి రేణువులు నీళ్లలో కరగవు, కిక్కిరిసి తేలుతుంటాయి. మెల్లగా తోస్తే మధ్యలో నీళ్లు ఉండటం వల్ల ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి, ఒక్కసారిగా కొడితే జారే టైమ్ లేక ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుపోతాయి. తిరునాళ్లలో జనం మధ్యలోంచి నెమ్మదిగా పోతే దారి దొరుకుతుంది, పరిగెత్తితే ఎక్కడివాళ్లక్కడ ఇరుక్కుంటారు, అచ్చంగా అంతే. ఇందులో రసాయన చర్య ఏమీ లేదు, అందుకే నీళ్లు ఆరిపోతే మళ్లీ పిండే మిగులుతుంది. అదే మిశ్రమాన్ని కొంచెం గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టండి. సుమారు 70 డిగ్రీలు వచ్చేసరికి రేణువులు నీళ్లు తాగి ఉబ్బి, పగిలి, గంజిలా చిక్కబడిపోతాయి. ఇక అది చల్లారినా వెనక్కి రాదు. ఆట అయ్యాక చెత్తబుట్టలో వేయండి, సింక్‌లో పోస్తే పైపు అడుగున గట్టిపడి కూర్చుంటుంది.

స్లైమ్ కథ వేరు. 1976లో అమెరికాలో మాటెల్ కంపెనీ మొదటిసారి ఆకుపచ్చ స్లైమ్‌ని చిన్న చెత్తబుట్టలాంటి డబ్బాలో పెట్టి అమ్మింది. అందులోని ముఖ్య పదార్థం ఏమిటో తెలుసా? మన గోరుచిక్కుడు గింజల జిగురు. తెలంగాణలో గోకరకాయ అని, సీమలో మటిక్కాయ అని వండుకునే కూరగాయే అది. ప్రపంచంలో దాన్ని అందరికంటే ఎక్కువ పండించేది మన దేశమే, అందులోనూ రాజస్థాన్. ఆ జిగురులో వెలిగారం కలిపితే స్లైమ్ అయింది. ఇప్పుడు ఇళ్లలో ఆ జిగురు బదులు ఫెవికాల్ వాడుతున్నాం.

లోపల ఏం జరుగుతుందంటే, జిగురులో ఉండేవి చాలా పొడుగాటి అణువులు, సేమ్యా పోగుల్లా. విడివిడిగా ఉన్నంతసేపు ఒకదాని మీద ఒకటి జారతాయి, జిగురు కారుతుంది. వెలిగారం నీళ్లలో కరిగినప్పుడు వచ్చే బోరేట్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న చిన్న కణాలు) రెండు పోగుల్ని పట్టుకుని కలిపి ముడి వేస్తాయి. పోగులన్నీ వలలా అల్లుకుపోతాయి, ఆ వలలో నీళ్లు చిక్కుకుంటాయి. అదే స్లైమ్. ఈ ముళ్లు గట్టివి కావు, ఊడుతూ మళ్లీ పడుతూ ఉంటాయి. మెల్లగా లాగితే ఊడటానికీ మళ్లీ ముడిపడటానికీ వ్యవధి ఉంటుంది కాబట్టి సాగుతుంది. చటుక్కున లాగితే తెగుతుంది. కార్న్‌ఫ్లోర్ ముద్దకీ దీనికీ తేడా ఇదే: అక్కడ రేణువుల ఒరిపిడి, ఇక్కడ ముడి.

చేసే పద్ధతి. అర చెంచా వెలిగారం పొడిని అర కప్పు గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరిగించండి, ఇది పెద్దవాళ్ల పని. ఇంకో గిన్నెలో పావు కప్పు ఫెవికాల్, పావు కప్పు నీళ్లు, రంగు కలపండి. ఇప్పుడు వెలిగారం నీళ్లని ఒక్కో చెంచా వేస్తూ కలుపుతూ ఉండండి. రెండో చెంచాకో మూడో చెంచాకో గిన్నె అంచు వదిలి పోగులు పోగులుగా ముద్దవుతుంది. ఆ క్షణం పిల్లల ముఖాలు చూడాలి! అక్కడితో ఆపండి. ఇంకా తడిగా, చిందరవందరగా ఉన్నా కంగారుపడి మరో చెంచా వేయొద్దు, చేతిలోకి తీసుకుని మూడు నాలుగు నిమిషాలు పిసికితే సర్దుకుంటుంది. చేసిన నీళ్లన్నీ అయిపోవాలని లేదు, చాలావరకు మిగులుతాయి. ముళ్లు ఎక్కువైతే స్లైమ్ రబ్బరులా తెగుతుంది, అప్పుడు కాస్త గోరువెచ్చని నీళ్లు, ఇంకొంచెం ఫెవికాల్ చేర్చి పిసకండి. మరీ చేతికంటితే ముళ్లు తక్కువైనట్టు, అర చెంచా వెలిగారం నీళ్లు చాలు. కాంటాక్ట్ లెన్స్ ద్రవంతో చేసే స్లైమ్‌లో వంట సోడా ఎందుకు వేయమంటారని చాలామంది అడుగుతుంటారు. ఆ ద్రవాల్లో కొన్నిట్లో ఉండేది బోరిక్ యాసిడ్, క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్ లాంటిది. అది ఆమ్లంగా ఉన్నంతసేపు ముడి వేయలేదు. సోడా ఆ పులుపు తగ్గించి కొంత బోరేట్‌గా మారుస్తుంది, అప్పుడే పని జరుగుతుంది.

వెలిగారం గురించి నిజం చెప్పాలి. అది మింగితే హానికరం, ఎక్కువ మోతాదులో పునరుత్పత్తి ఆరోగ్యానికి చేటు చేసే పదార్థంగా యూరప్‌లో వర్గీకరించారు. జిగట బొమ్మల నుంచి బయటికొచ్చే బోరాన్ (వెలిగారంలో ఉండే మూలకం) కిలోకి 300 మిల్లీగ్రాములు దాటకూడదని అక్కడ నిబంధన ఉంది. అలాగని హడలిపోనక్కర్లేదు. పొడిని పిల్లలు ముట్టకూడదు, స్లైమ్ ఆట అరగంట మించొద్దు, చేతుల మీద గాయాలుంటే ఆ రోజు వద్దు, అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి, దీనికి వాడే గిన్నెలు తిండి గిన్నెల నుంచి వేరుగా ఉండాలి. ఇంకా నోట్లో అన్నీ పెట్టుకునే వయసు పిల్లలుంటే వెలిగారం అసలే వద్దు. వాళ్లకి ఇసబ్‌గోల్ స్లైమ్ చేయండి: కప్పు నీళ్లలో నిండుగా ఒక చెంచా ఇసబ్‌గోల్ వేసి, సన్నటి సెగ మీద కలుపుతూ ఐదారు నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లార్చాలి. సబ్జా గింజలు నానబెడితే చుట్టూ జిగురు పట్టినట్టే ఇదీ, గింజ పొట్టులోని పీచు నీళ్లని పట్టేస్తుంది. ఫెవికాల్ స్లైమంత సాగదు గానీ వణుకుతూ, జారుతూ బాగుంటుంది. ఇదీ ఆడుకోవడానికే, తినడానికి కాదు.

కొన్న కిట్ల మాట ఒకటి. మేం ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్ డబ్బా మీద లోపల ఏముందో ఒక్క ముక్క లేదు, "మ్యాజిక్ పౌడర్" అని మాత్రం ఉంది. నేను అది పిల్లలకి ఇవ్వలేదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది చూసి కొనండి. నీళ్లలో వేస్తే గోళీలంత ఉబ్బే రంగు పూసలు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లోకి తేవొద్దు. మింగితే పేగుల్లోనూ ఉబ్బుతాయి, అడ్డుపడతాయి, ఆపరేషన్ దాకా పోయిన కేసులున్నాయి.

ఇప్పుడు మా అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. నిమ్మకాయంత స్లైమ్‌ని గాజు గ్లాసులో వేసి, వెనిగర్ చెంచా చెంచాగా పోస్తూ కలపండి. బోరేట్ ముళ్లు నిలబడాలంటే క్షారగుణం, అంటే పులుపుకి వ్యతిరేక గుణం, ఉండాలి. వెనిగర్ పులుపు తగలగానే బోరేట్ కాస్తా బోరిక్ యాసిడ్‌గా మారి పోగుల్ని వదిలేస్తుంది. స్లైమ్ కారిపోతుంది, దుప్పటి మరక వదిలింది ఇందుకే. బెండకాయ కూరలో చింతపండు పులుసో పెరుగో వేస్తే జిగట తగ్గుతుందని ఇంట్లో పెద్దవాళ్లు చేస్తారు చూడండి, అక్కడ బోరేట్ లేదు గానీ పులుపుకి జిగురు సడలడం మాత్రం అక్కడా కనిపిస్తుంది.

ఆ కారిపోయిన ద్రవంలో ఇప్పుడు వంట సోడా చిటికెడు చిటికెడుగా వేయండి. ముందు పొంగుతుంది, ఎందుకంటే వెనిగర్ మిగిలి ఉంది. పొంగు ఆగిపోయే దాకా, అంటే పులుపు పూర్తిగా అయిపోయే దాకా వేస్తూ కలపాలి. ఆ తర్వాత ఇంకో రెండు చిటికెలు. చెంచా బరువెక్కడం చేతికే తెలుస్తుంది. బోరేట్ కొంత వెనక్కి వచ్చింది, ముళ్లు మళ్లీ పడుతున్నాయి. మొదట్లో ఉన్నంత గట్టిగా రాదు, సోడా బలహీనమైన క్షారం కదా. కానీ చిక్కబడుతున్న ఆ ముద్దలో గ్యాస్ బుడగలు ఇరుక్కుపోయి, ఒక్కొక్కటే మెల్లగా పైకి పాకుతూ వచ్చి, పైన ఉబ్బి, టప్పున పగులుతాయి. మా పిల్లలు గ్లాసుని కిటికీలో వెలుగుకి పెట్టి ఆ బుడగల్ని పావుగంటసేపు లెక్కపెట్టారు. ఆట అయ్యాక దాన్ని కవర్లో కట్టి చెత్తలో వేయండి, సింక్‌లో కాదు, గ్లాసుని మాత్రం కాస్త వెనిగర్ పోసి కడగండి, తేలిగ్గా వదులుతుంది.